కాలనీ గల్లీలో బండ్ల స్పీడు తగ్గించాలంటే: కొలత నుంచి పెయింటు దాకా

"మా గల్లీలో స్పీడ్ బ్రేకర్ వేయించాలంటే ఎవరిని కలవాలి?" మహబూబ్‌నగర్ నుంచి, నల్లగొండ నుంచి, మిర్యాలగూడ నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇదే. ఎవరిని కలవాలో కింద చెప్తాను. దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక్క స్పీడ్ బ్రేకర్ వేస్తే బండి అక్కడే నెమ్మదిస్తుంది, దాటగానే పోయిన టైమంతా రాబట్టుకోవాలన్నట్టు మళ్లీ రేజ్ చేస్తారు. మనకు కావాల్సింది గల్లీ ఈ మూల నుంచి ఆ మూల దాకా స్పీడు తగ్గడం.

ఎంతకు తగ్గాలి? గంటకు 30 కిలోమీటర్లు, లేదా అంతకంటే తక్కువ. ఈ లెక్క ఎందుకంటే, 50 మీద వచ్చే డ్రైవర్ ఎదురుగా పిల్లాడిని చూసి బ్రేకు తొక్కేలోపే, ఆ ఒక్క సెకనులోనే, బండి దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. 30 మీద వచ్చే బండి పొడి రోడ్డు మీద, బ్రేకులు బాగుంటే, ఇంచుమించు అదే 14 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. అంటే ఒక బండి ఆగిపోయిన చోట ఇంకో బండికి బ్రేకు పడటమే అప్పుడు మొదలవుతుంది.

## 1. ఆ రోడ్డు ఎవరిదో ముందు తేల్చుకోండి

అప్లికేషన్లు సగం ఇక్కడే ఆగిపోతాయి. ఈ ఆఫీసుకు పోతే "మాది కాదు" అంటారు, ఆ ఆఫీసుకు పోతే వాళ్లూ అదే మాట.

పట్టణంలో లోపలి గల్లీలు సాధారణంగా మున్సిపాలిటీవో కార్పొరేషన్‌వో అయి ఉంటాయి. ఊళ్లో అయితే గ్రామ పంచాయతీ. ఊరికీ ఊరికీ మధ్య రోడ్లు పంచాయతీరాజ్ ఇంజనీరింగ్‌వి గానీ ఆర్ అండ్ బీవి గానీ. నల్లగొండ మీదుగా వెళ్లే 565, మహబూబ్‌నగర్ మీదుగా వెళ్లే 167 జాతీయ రహదారులు, వాటి సంగతి వేరే.

గుర్తుపట్టడానికి తేలిక దారి ఒకటుంది. మీ గల్లీ మొదట్లో సీసీ రోడ్డు వేసినప్పుడు పెట్టిన శిలాఫలకం ఉంటుంది చూడండి, ఏ నిధులు, ఏ శాఖ అన్నది దాని మీదే రాసి ఉంటుంది. నాయకుల పేర్ల కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవరు, ఫోటో తీసి పెట్టుకోండి.

రెండు మెలికలు గుర్తుంచుకోండి:

- జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్ అడగొద్దు, వేయరు. వేసినవి ఉంటే తీసేయాలని కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు ఎప్పుడో చెప్పింది. మీ గల్లీ హైవేలో కలిసే చోటే గొడవ అయితే స్పీడ్ బ్రేకర్ గల్లీ వైపు, హైవే అంచు నుంచి 5 మీటర్లు లోపలికి వస్తుంది.
- ఊరి చివర కొత్త వెంచర్లలో రోడ్లు ఇంకా మున్సిపాలిటీకి అప్పజెప్పి ఉండకపోవచ్చు. వార్డు ఆఫీసులో అడగండి. అప్పజెప్పకపోతే ముందు ఆ పని కావాలి.

## 2. స్పీడు కొలవండి

ఈ మెట్టు ఎవరూ చేయరు, అందుకే చేసినవాళ్ల అప్లికేషన్ పక్కకు పోదు. "బండ్లు చాలా స్పీడుగా పోతున్నయి సార్" అంటే అధికారి తల ఊపుతాడు. "సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదున్నర మధ్య 100 బండ్లు చూస్తే ఇన్ని 40 దాటినయి" అన్న కాగితం పెడితే ఆయనకూ పైవాళ్లకు చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది. రాడార్ గన్ అక్కర్లేదు. టేపు, ముగ్గు, ఫోను చాలు.

ఎలా చేయాలంటే:

1. గల్లీలో స్పీడు ఎక్కువగా ఉండే చోట, అంటే మలుపులకు దూరంగా మధ్యలో, టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలవండి. అడుగులు లెక్కపెట్టి సరిపెట్టొద్దు.
2. రెండు చివరలా రోడ్డుకు అడ్డంగా ముగ్గుతో సన్నటి గీత. గీతలు మరీ కొట్టొచ్చినట్టు ఉంటే జనం చూసి నెమ్మదిస్తారు, లెక్క పాడవుతుంది.
3. రెండు గీతలూ కనిపించేలా ఎవరిదైనా డాబా మీద నుంచి ఫోన్‌తో వీడియో తీయండి. రోడ్డు పక్కన ఫోను పట్టుకుని నిలబడితే పోలీసులనుకుంటారు, ఆ రోజు అందరూ బుద్ధిమంతులే.
4. ముందు చక్రం మొదటి గీతను తాకినప్పటి నుంచి రెండో గీతను తాకేదాకా ఎన్ని సెకన్లో వీడియోలో చూసి రాసుకోండి.
5. 180ని ఆ సెకన్లతో భాగించండి. వచ్చేదే గంటకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్క.

భాగహారం కూడా వద్దనుకుంటే 50 మీటర్లకు ఇదిగో:

- 9 సెకన్లు: 20
- 6 సెకన్లు: 30
- నాలుగున్నర సెకన్లు: 40
- 3.6 సెకన్లు: 50
- 3 సెకన్లు: 60

బైకులు, ఆటోలు, కార్లు, ట్రాక్టర్లు వేర్వేరు వరుసల్లో రాయండి. బడి మొదలయ్యే వేళ, వదిలే వేళ, రాత్రి తొమ్మిది తర్వాత, ఈ మూడూ తప్పకుండా చూడండి. ఆదివారం ఒకసారి, అంగడి రోజు ఉంటే ఆ రోజు ఒకసారి.

తర్వాత సగటు తీయకండి. సగటులో ముసలాయన స్కూటరూ, కుర్రాడి బైకూ కలిసిపోయి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 100 బండ్లను స్పీడు వారీగా ఎక్కువ నుంచి తక్కువకు పేర్చి, పైనుంచి 15 బండ్లు వదిలేసి, ఆ తర్వాతి దాని స్పీడు చూడండి. వందలో 85 బండ్లు ఆ స్పీడులోపే ఉన్నట్టు. ట్రాఫిక్ ఇంజనీర్లు చూసేది ఈ అంకెనే. అది 30 లోపే ఉంటే మీ గల్లీకి స్పీడ్ బ్రేకర్ అవసరం లేదు, ఒకరిద్దరి ఇండ్లకు పోయి మాట్లాడితే సరిపోతుంది.

వీడియో మాత్రం నంబర్ ప్లేట్లతో కాలనీ గ్రూపులో పెట్టకండి. స్పీడు సంగతి పక్కకుపోయి ఇంకో పంచాయితీ మొదలవుతుంది.

## 3. ఎవరు ఉరుకుతున్నారు, ఎందుకు ఉరుకుతున్నారు

మందు రోగాన్ని బట్టి ఉండాలి. సాధారణంగా కనిపించేవి ఇవి.

షార్ట్‌కట్. మెయిన్ రోడ్డు మీద సిగ్నలో, రద్దీయో తప్పించుకోవడానికి మీ గల్లీలోంచి పోతుంటారు. తేల్చుకోవడం సులభం: గల్లీ రెండు మూలలా ఒక్కొక్కరు కూర్చుని అరగంట పాటు బండి నంబర్ల చివరి నాలుగంకెలు, టైమూ రాయండి. ఈ మూల లోపలికొచ్చిన నంబరు నిమిషం, రెండు నిమిషాల్లో ఆ మూల బయటపడితే అది మీ గల్లీ బండి కాదు. పని అయిపోయాక ఆ కాగితం చించేయండి.

గల్లీ వాళ్లే. చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది కానీ నంబర్లు రాసినప్పుడు తరచూ బయటపడేది ఇదే. బయటివాళ్లను తిడుతూ సంతకాల సేకరణ మొదలుపెట్టిన ఇంటి అబ్బాయే లిస్టులో పైన ఉండొచ్చు.

రోడ్డే పిలుస్తోంది. పాత గతుకుల రోడ్డు పోయి వెడల్పాటి సీసీ రోడ్డు నిటారుగా పడగానే, ఎవరూ చెప్పకుండానే స్పీడు పెరుగుతుంది. డ్రైవర్ బోర్డు చూసి కాదు, రోడ్డును చూసి స్పీడు పెంచుతాడు.

మూల. గల్లీ మలుపు వెడల్పుగా, గుండ్రంగా ఉంటే బ్రేకు వేయకుండానే తిప్పేయొచ్చు. ఆ స్పీడు గల్లీలోకి వచ్చాక కూడా ఉంటుంది.

పోరగాళ్ల రేసులు. లైసెన్సు వయసు రాని పిల్లల చేతికి బండి ఇచ్చిన ఇంట్లో ఒక్క మాట చెప్పండి: మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేండ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది, ఆ పిల్లాడికి 25 ఏండ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. గొడవ పెట్టుకోనక్కర్లేదు, "అన్నా, ఇట్ల ఉందట చట్టం, జర చూసుకో" అంటే చాలామంది ఇండ్లలో తాళంచెవి బీరువాలోకి పోతుంది.

సీజను బండ్లు. వరి కోతలప్పుడు కొనుగోలు కేంద్రాలకు పోయే ట్రాక్టర్లు, మిల్లులకు పోయే లారీలు, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు. వీటికి దారి మళ్లించమని అడగాలే తప్ప స్పీడ్ బ్రేకర్ వేస్తే లాభం లేదు. లోడు ట్రాక్టర్ దాని మీద ఎక్కి దిగితే ఇంట్లో గిన్నెలు కదులుతాయి.

## 4. ఏది ఎక్కడ పనికొస్తుంది

ఖర్చు తక్కువ, గొడవ తక్కువ ఉన్నవాటితో మొదలుపెట్టండి.

రోడ్డును ఇరుగ్గా కనిపించేలా చేయడం. బండ్లన్నీ ఒకే వైపు పార్క్ చేసి ఉంటే రెండో వైపు నిటారుగా దారి పడి ఉంటుంది. కొంత దూరం కుడివైపు, తర్వాత కొంత దూరం ఎడమవైపు పార్కింగ్ పెట్టుకుంటే వచ్చే బండి వంకర తిరుగుతూ పోవాలి, ఉరకడానికి వీలుండదు. పైసా ఖర్చు లేదు, గల్లీ వాళ్లు ఒప్పుకుంటే చాలు. ఒక్కటే షరతు: 108 వ్యాన్, ఫైర్ ఇంజిన్ పోవడానికి ఎక్కడా మూడున్నర మీటర్లకు తగ్గకుండా ఖాళీ ఉండాలి.

గల్లీ మొదట్లో ఇరుకు. రెండు వైపులా చెట్ల తొట్లో, రాతి కడీలో పెట్టించి ద్వారంలా చేస్తే, లోపలికి వస్తున్నప్పుడే ఇది జనం ఉండే చోటని తెలిసిపోతుంది. మూల గుండ్రాన్ని తగ్గించడం కూడా ఈ పనిలో భాగంగానే అడగొచ్చు. ఇవన్నీ రోడ్డు జాగాలో వస్తాయి కాబట్టి మున్సిపాలిటీయే చేయాలి.

షార్ట్‌కట్‌ను కోసేయడం. గల్లీ ఒక చివర కడీలు నాటి కార్లు, ఆటోలు పోకుండా ఆపడం, లేదా వన్‌వే చేయడం. షార్ట్‌కట్ రోగానికి ఇంతకంటే మంచి మందు లేదు. గొడవ కూడా ఇందులోనే ఎక్కువ, ఎందుకంటే చివరి ఇంటివాళ్లు చుట్టు తిరిగి రావాలి. ట్రాఫిక్ పోలీసుల అనుమతి తప్పనిసరి.

స్పీడ్ బ్రేకర్. నిటారు గల్లీకి, బైకుల స్పీడుకు ఇదే గట్టిది. కొలతలు కింద ఏడో మెట్టులో.

ఎత్తైన క్రాసింగ్. బడి గేటు ముందర అయితే మామూలు స్పీడ్ బ్రేకర్ కాకుండా పైన చదునుగా, రెండు వైపులా వాలుగా ఉండేది అడగండి. పిల్లలు దాని మీద నుంచే నడిచి దాటుతారు, డ్రైవర్‌కు కూడా పైకి కనిపిస్తారు.

ఇండ్ల మధ్య వద్దే వద్దనేవి మూడు. వరుసగా సన్నటి గీతల్లా వేసే రంబుల్ స్ట్రిప్స్ వద్దు, ప్రతి బండికీ టకటకమని మోగి రాత్రి నిద్ర పట్టనీయవు. మధ్యలో ఖాళీలు వదిలి ముక్కలుగా వేసే కుషన్ రకం కార్లు ఎక్కువుండే దేశాల్లో బాగుంటుందేమో, మన దగ్గర ఉరికేవి బైకులు, అవి ఆ ఖాళీల్లోంచే దూరిపోతాయి. రబ్బరు, ప్లాస్టిక్ ముక్కలు బోల్టులతో బిగించేవి మొదట్లో బాగానే ఉంటాయి, కొన్నాళ్లకు ముక్కలు ఊడిపోయి బోల్టులు మాత్రం రోడ్డు మీద పైకి నిలబడి ఉంటాయి, టైర్ల పని పడతాయి.

## 5. గల్లీలో ఒప్పించడం

స్పీడ్ బ్రేకర్ అందరికీ కావాలి, ఎవరి ఇంటి ముందూ వద్దు. బండి ఎక్కి దిగే చప్పుడు, మళ్లీ రేజ్ చేసే పొగ ఆ ఇంటికే.

అందుకని ముందు చోటు చూసి, ఆ చోటుకు ఆనుకుని ఉన్న నాలుగు ఇండ్లకు మొదట పోండి, మిగతా సంతకాలు తర్వాత. నడుం నొప్పి వాళ్లు, గర్భిణులు, డయాలసిస్‌కు పోయొచ్చేవాళ్లు ఉంటే వాళ్ల మాట వినండి, సరైన కొలతలతో వేస్తే మెల్లగా పోయేవాళ్లకు నడుం అదరదని చెప్పండి.

చోటు ఎంచుకునే చెక్‌లిస్టు:

- రెండు ఇండ్ల ప్రహరీలు కలిసే చోట ఉందా, ఎవరి గేటుకూ ఎదురుగా లేదు కదా
- వీధి లైటు కిందే ఉందా, లేదా దగ్గర్లో ఉందా
- మలుపులో గానీ, దిగుడు వాలులో గానీ, కల్వర్టు మీద గానీ లేదు కదా
- కింద మ్యాన్‌హోలు, వాల్వు, మిషన్ భగీరథ పైపు జాయింటు లేవు కదా
- వాన నీళ్లు ఎటు పారుతాయి? ఎగువ వైపు మోరీలోకి నీళ్లు దిగే బొక్క దగ్గర్లో ఉందా

చివరిది మరచిపోవద్దు. స్పీడ్ బ్రేకర్ నీళ్లకు కట్ట అవుతుంది. నీళ్లు మోరీలోకి దిగే చోటుకు కొంచెం దిగువన వేస్తే నిలవవు.

గల్లీ పొడవుంటే ఒకటి చాలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మొదట 1988లో ఇచ్చిన ఐఆర్‌సీ 99 అనే మార్గదర్శకాల పుస్తకం ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 100 నుంచి 120 మీటర్ల దూరం చెప్పింది. మొదటిది గల్లీ మొదట్లోనే, స్పీడు అందుకోకముందే ఉండాలి.

## 6. అప్లికేషన్ పెట్టడం

మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి, ఇంజనీరింగ్ విభాగానికి ఒకటి, ట్రాఫిక్ పోలీసులకు ఒకటి, వార్డు ప్రతినిధికి ఒకటి. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌కు. ఒక్క పేజీ దాటొద్దు. ఇలా ఉంటే చాలు:

> గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,
>
> విషయం: మా కాలనీ అంతర్గత రోడ్డుపై వాహనాల వేగం తగ్గించే ఏర్పాట్ల గురించి.
>
> ఆర్యా, మా గల్లీ పొడవు ... మీటర్లు, వెడల్పు ... మీటర్లు. ఫలానా తేదీల్లో మేము 100 వాహనాల వేగం కొలిచాము, అందులో ... వాహనాలు గంటకు 40 కి.మీ. దాటాయి (వివరాలు జతచేశాము). గల్లీలో అంగన్‌వాడీ ఉంది. స్కెచ్‌లో చూపిన రెండు చోట్ల ఐఆర్‌సీ 99 ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్లు, హెచ్చరిక బోర్డులు ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాము. ఆ చోట్లకు ఆనుకుని ఉన్న ఇండ్ల వారి సమ్మతి సంతకాలు జతచేశాము.

జతచేయాల్సినవి: స్పీడు లెక్కల కాగితం, చేత్తో గీసిన స్కెచ్, ఫోటోలు, సంతకాలు, శిలాఫలకం ఫోటో. ప్రమాదాలు జరిగి ఉంటే తేదీలతో రాయండి, జరగనివి కల్పించొద్దు.

ప్రతి కాపీ మీదా ఇన్‌వర్డ్ నంబరు (కాగితం అందినట్టు ఆఫీసు రిజిస్టర్‌లో ఎక్కించే నంబరు), ముద్ర వేయించుకోకుండా వెనక్కి రాకండి. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు దాచుకోండి. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ కూడా ఉంటుంది, బడి ముందర సమస్య అయితే అక్కడికి వెళ్లేలా అడగండి. అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు చట్టం కింద "మా ఇన్‌వర్డ్ నంబరు ... మీద తీసుకున్న చర్యల కాపీలు ఇవ్వండి" అని ఒక్క వాక్యం, పది రూపాయల ఫీజు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కోపంగా రాయొద్దు, ఆ ఫైలు మళ్లీ మీకు కావాలి.

## 7. వేసే రోజు దగ్గరుండి చూసుకోండి

శాంక్షన్ కావడం ఒక ఎత్తు, సరిగ్గా వేయించుకోవడం ఇంకో ఎత్తు. మేస్త్రీకి కొలత చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, మిగిలిన మాలు కుప్పపోసి తాపీతో గుండ్రంగా రుద్దేసి పోతారు. మూరెడు వెడల్పు, జానెడు ఎత్తు, కారు పొట్ట గీసుకుపోతుంది. బైకు మీద వెనక కూర్చున్న ఆడవాళ్లు ఎగిరి కిందపడేది ఇలాంటి వాటి మీదే.

గుండ్రటి స్పీడ్ బ్రేకర్‌కు 1988 నాటి ఐఆర్‌సీ 99 చెప్పిన కొలత: బండి పోయే దిక్కున 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు. గంటకు 25 కిలోమీటర్ల దగ్గర హాయిగా దాటేలా చేసిన లెక్క ఇది. వంపు అంటే మేస్త్రీకి చెప్పడం కష్టం కాబట్టి ఈ ఎత్తులు రాసివ్వండి:

- నడిమధ్యన: 10 సెం.మీ.
- మధ్య నుంచి అర మీటరు దూరంలో: 9.3 సెం.మీ.
- ఒక మీటరు దూరంలో: 7.1 సెం.మీ.
- ఒకటిన్నర మీటరు దూరంలో: 3.4 సెం.మీ.
- 1.85 మీటర్ల దూరంలో: సున్నా

రెండు వైపులా ఇదే. ఇంకా మంచిది, ఈ ఎత్తులతో ప్లైవుడ్ చెక్కను వంపుగా కోయించి అచ్చు తయారుచేయించండి. మాలు పోశాక అచ్చును రోడ్డు వెడల్పంతా ఆడిస్తే ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ తక్కువైందో మేస్త్రీకే కనిపిస్తుంది.

సీసీ రోడ్డు మీద అయితే: నున్నటి పాత కాంక్రీటు మీద కొత్తది అంటుకోదు. ఉలితోనో, మిషన్‌తోనో గాట్లు పెట్టించి, దుమ్ము ఊడ్చి, తడిపాకే పోయాలి. రెండు అంచుల దగ్గర సున్నా ఎత్తుకు వచ్చే పలుచటి పొర నెల తిరిగేసరికి పెళ్లలుగా లేస్తుంది, కాబట్టి అంచుల్లో నాలుగైదు సెంటీమీటర్ల లోతు గాడి కోయించి అక్కడి నుంచి మాలు మొదలుపెట్టాలి. తర్వాత కనీసం ఏడు రోజులు తడి గోనె సంచులు కప్పి నీళ్లు పట్టాలి. ఆ నీళ్లు మీరే పట్టుకోవాల్సి వస్తుంది, ముందే గల్లీలో వంతులు వేసుకోండి.

బీటీ రోడ్డు, అంటే తారు రోడ్డు మీద అయితే: ఊడ్చి, తారు పూత కొట్టి, వేడి మాలు పొరలుపొరలుగా పోసి రోలర్‌తో గట్టిగా తొక్కించాలి. సరిగ్గా తొక్కించకపోతే మన దగ్గర మే నెల ఎండకు మెత్తబడి లారీ చక్రాల కింద చదునైపోతుంది.

అంచుల సంగతి. స్పీడ్ బ్రేకర్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉండాలి. నీళ్ల కోసమని పక్కన రెండు అడుగులు ఖాళీ వదిలితే బైకులన్నీ ఆ సందులోంచే పోతాయి, అదీ ఇంటి మెట్లు, అరుగు ఉన్న వైపు. పిల్లలు కూర్చునే చోటు. ఎన్ని గల్లీల్లో చూసినా రోడ్డు మధ్యలో పెయింటు కొత్తగా ఉంటుంది, అంచు సందులో మాత్రం టైర్ల నల్లటి చార పడి ఉంటుంది. నీళ్లకు కింద నుంచి పైపు వేయించండి. అది కుదరక ఖాళీ వదలాల్సి వస్తే, ఆ సందులో ఒక కడీ నాటించి పైన రేడియం స్టిక్కర్ అంటించండి.

ఆ రోజు చేతిలో ఉండాల్సినవి: టేపు, అచ్చు చెక్క, రసమట్టం, ఎత్తుల కాగితం, రాత్రికి అడ్డం పెట్టే డ్రమ్ములు, ఎర్ర లైటు. పెయింటు వేసేదాకా ప్రతి రాత్రీ లైటు వెలగాలి. కొత్త స్పీడ్ బ్రేకర్ మీద ప్రమాదాలు జరిగేది ఆ మధ్య రోజుల్లోనే.

## 8. పెయింటు, బోర్డు

తెల్ల చారలు, రెండు వైపులా 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు, రోడ్డు మీద క్యాట్ ఐలు, అంటే రాత్రి బండి లైటు పడితే మెరిసే బిళ్లలు. గల్లీ అంత పొడవు లేకపోతే బోర్డు గల్లీ మొదట్లోనే. మామూలు ఎనామిల్ కంటే వేడి చేసి వేసే థర్మోప్లాస్టిక్ ఎక్కువ కాలం ఉంటుంది, అడగండి. స్పీడ్ లిమిట్ బోర్డులు పెట్టే అధికారం ప్రభుత్వానిదే. మీ గోడ మీద "పిల్లలున్నరు, జర మెల్లగ పో అన్నా" అని మీరే రాయించుకుంటే ఎవరూ ఏమీ అనరు.

## 9. తరచూ జరిగే తప్పులు, సరిచేసే తీరు

రాత్రికి రాత్రి సొంతంగా వేసుకోవడం. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటుతో వేసేస్తారు. ఎవరైనా పడితే కేసు వేసినవాళ్ల మీదికే వస్తుంది. ఇంకా ఘోరం, రోడ్డుకు అడ్డంగా తవ్వడం, పెద్ద రాళ్లు, ముళ్లకంప పెట్టడం, తాడు కట్టడం. తాడు చీకట్లో మెడకు తగిలితే ప్రాణమే పోతుంది.

మరీ ఎత్తు, మరీ సన్నం. పగలగొట్టక్కర్లేదు. ఎత్తు 10 సెంటీమీటర్లు దాటితే పైన చెక్కించి, రెండు వైపులా వాలు పెంచి 3.7 మీటర్లకు తెప్పించండి.

అడుగడుక్కీ స్పీడ్ బ్రేకర్. ఒకరికి వేస్తే పక్కవాళ్లూ మాకూ అంటారు. అంబులెన్సులో ఉన్న మనిషికి ఒక్కో కుదుపు నరకం. ఎక్కువైనవి తీసేయించమని అడగడానికి కూడా అదే అప్లికేషన్, అదే ఇన్‌వర్డ్.

కొత్త రోడ్డు కింద మునిగిపోవడం. రోడ్డు మళ్లీ వేసినప్పుడు స్పీడ్ బ్రేకర్ సగం ఎత్తుకు తగ్గుతుంది, లేదా పూర్తిగా పోతుంది. టెండరు పడిందని తెలియగానే ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ను) కలిసి ఎస్టిమేట్‌లో స్పీడ్ బ్రేకర్ కూడా చేర్పించండి, తర్వాత విడిగా శాంక్షన్ తెచ్చుకోవడం తలనొప్పి.

## 10. మళ్లీ కొలవండి

వేసిన వారంలో కొలిస్తే అంతా బ్రహ్మాండంగా కనిపిస్తుంది, అలవాటు పడ్డాక అసలు సంగతి తెలుస్తుంది. కనీసం నెల ఆగి, అదే చోట, అదే వేళల్లో, అదే 50 మీటర్ల మీద మళ్లీ 100 బండ్లు చూడండి. చూడాల్సింది రెండు స్పీడ్ బ్రేకర్ల మధ్య ఉన్న స్పీడు, దాని మీద ఉన్న స్పీడు కాదు. మధ్యలో ఇంకా 40 మీద పోతుంటే దూరం ఎక్కువైందని అర్థం. ఇంకోటి వేయించే ముందు ఆ మధ్యలో పార్కింగ్ అటూ ఇటూ మార్చి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

పక్క గల్లీలో కూడా ఒక సాయంత్రం కొలవండి. మీ గల్లీలో ఇబ్బంది అనిపించి షార్ట్‌కట్ బండ్లన్నీ అటు మళ్లి ఉండొచ్చు, వాళ్లు మీ మీద గుర్రుగా కూడా ఉండొచ్చు. అలా అయితే మీ దగ్గరున్న టేపు, అచ్చు చెక్క, అప్లికేషన్ కాపీ వాళ్లకు ఇచ్చి, ఈసారి రెండు గల్లీల పేరు మీద కలిపి పెట్టండి.